మగ్గాలు ఆపిన వాక్యం

ఆ మధ్య ధర్మవరంలో ఒక టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉండగా కరెంటు పోయింది. వీధికి రెండు వైపులా ఇళ్లలో ఆడుతున్న మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అంతవరకూ ఆ చప్పుడు వింటున్నానన్న సంగతే నాకు తెలియదు, ఆగాక తెలిసింది. టీ పంచె మీద ఒలికింది. కొట్టు ఆయన వచ్చి భుజం పట్టుకుని, "ఏమైందప్పా పెద్దాయనా, కండ్లు తిరుగుతాండాయా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. కరెంటు పోతే మగ్గాలు ఆగడం వాళ్లకు రోజూ ఉండేదే. నాకు మాత్రం ఎవరూ ఆపమనకుండానే మగ్గాలన్నీ కలిసి ఆగిపోవడమంటే ఒకే ఒక్క ఉదయం. ఆ తర్వాత జీవితమంతా పత్రికల్లోనే గడిచింది. ప్రమాదాలు చూశాను, కరువులు చూశాను. ఆ నిశ్శబ్దం వినపడ్డప్పుడు ఉలిక్కిపడినట్టు ఇంక దేనికీ ఉలిక్కిపడలేదు.

ముందు పేరు చెప్పాలి. ఆయన పేరు నంజుండయ్య. యాభైల చివర హిందూపురంలో ఒక చిన్న వారపత్రిక నడిపేవారు. సంపాదకుడు, ప్రూఫులు దిద్దేవాడు, కట్టలకు పురికొస చుట్టేవాడు అన్నీ ఆయనే. ఇంట్లో కన్నడం, ప్రెస్సులో తెలుగు, కోపం వస్తే రెండూ. పొట్టి మనిషి. చొక్కా జేబు అడుగున ఎప్పుడూ ఒక సిరా మరక ఉండేది. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. జీతం గురించి అడిగితే, దుడ్లు ఉన్నప్పుడు ఇస్తానని నిజాయితీగా చెప్పారు.

నేను రాసిన మొదటి వార్త మంచినీటి కొళాయిల గురించి. పురపాలక సంఘ పరిధిలోని ఫలానా వార్డులో గత సోమవారం ఉదయం ఫలానా వారి అధ్యక్షతన జరిగిన సమావేశంలో, అంటూ మొదలుపెట్టి, ఆ వాక్యంలోకి అధ్యక్షులవారినీ ఉపాధ్యక్షులవారినీ సగౌరవంగా ఎక్కించాను. నంజుండయ్యగారు దాన్ని పైకి చదివారు. సగంలో ఊపిరి అందక ఆగి, మంచినీళ్లు తాగి, మిగతాది చదివారు. ఆ నీళ్లు తాగడం నటనో నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఎవరికి రాస్తాండావప్పా ఇది, కలెక్టరుకా?" అన్నారు.

పాఠకులకని చెప్పాను. ఆ పాఠకుణ్ణి ఎప్పుడైనా కళ్లారా చూశావా అని అడిగారు. చూడలేదన్నాను. అయితే పత్రిక వచ్చిన రోజు తనతో ధర్మవరం రమ్మన్నారు.

అప్పటి మీటర్ గేజ్ రైలు పెనుకొండ చేరేసరికి ఎండ బాగా ఎక్కేది. ఆ రోజు పెనుకొండలో ఒకామె బుట్ట నెత్తిన పెట్టుకుని మా పెట్టెలోకి ఎక్కింది. బుట్ట దించుతూనే, ఎవరినీ ఉద్దేశించకుండా, "మా ఇంట్లో దొంగలు పడి, ఒగ చెంబు నీళ్లు తాగి పోయినారప్పా" అంది. నిద్రపోతున్న వాళ్లు సైతం కళ్లు తెరిచారు. అందరూ జరిగి ఆమెకు చోటిచ్చారు. ఇంకేమీ ఎత్తుకుపోలేదా అని ఒకరు, ఎత్తుకుపోవడానికి ఏముందని తమ ఇంట్లో సంగతి ఇంకొకరు. ధర్మవరం దాకా ఆ పెట్టె అంతా ఆమెదే. దిగేటప్పుడు నంజుండయ్యగారు నా చెవిలో, "ఏ వార్డు అని చెప్పిందా? ఎన్ని గంటలకని చెప్పిందా?" అన్నారు. చెప్పలేదని ఒప్పుకున్నాను. ఆవిడ దగ్గర ఉద్యోగంలో చేరితే మేలని నవ్వారు.

ఆయన నాకు చూపించదలచిన పాఠకులు ఒక నేతగాడి ఇంటి వెనక కొట్టంలో ఉన్నారు. ఆ ఇంటాయన నారాయణప్పకు కొన్ని గుంట మగ్గాలుండేవి. మగ్గం గుంతలో కాళ్లు దించుకుని మనుషులు పట్టు నేస్తుంటే, చేతిలోంచి చేతిలోకి దారాన్ని మోస్తూ నాడె పరుగెత్తే చప్పుడు ఆగకుండా వచ్చేది. కొట్టంలో వెలుతురు తక్కువ. వెలుతురున్న గడప దగ్గర నారాయణప్ప భార్య లక్ష్మక్క రాట్నం ముందు కూర్చుని కండెలకు దారం చుట్టేది. మా పత్రిక వచ్చిన రోజు రాట్నం పక్కకు జరిపి పత్రిక విప్పేది. ముందుగా చూసుకోవడం లేదు. ఆమె కంటికీ వాళ్ల చెవికీ వార్త ఒకేసారి చేరాలి, అది అక్కడి నియమం. ప్రతి వార్తలోనూ మొదటి వాక్యం చదివి ఆగేది. మగ్గాలు ఆడుతూనే ఉంటే ఆ వార్త వదిలేసి తర్వాతిదానికి పోయేది. ఒక్క మగ్గమైనా ఆగితే మిగతాది చదివేది. ఎవరూ నోరు తెరిచి బాగుందనరు, బాగులేదనరు. మగ్గమే చెప్పాలి.

నంజుండయ్యగారు వారం వారం అక్కడికి వచ్చి గోడవారగా కూర్చుని వినేది ఆ మగ్గాలనేనని అప్పుడు అర్థమైంది.

నా కొళాయిల వాక్యం లక్ష్మక్క పూర్తిగా చదవలేదు. మధ్యలోనే ఒక ముసలి నేతగాడు, "అది మునిసిపాలిటోళ్లకు చదువుకోమనిచ్చి ముందుకు పోక్కా" అన్నాడు. కొట్టమంతా నవ్వింది. నవ్వుతూ కూడా ఎవరూ నాడె ఆపలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత ఆమె సంపాదకులు రాసింది చదివింది: "బత్తలపల్లి సంతలో ఒక ఎద్దు తన పాత యజమానిని గుర్తుపట్టింది." ఒక మగ్గం ఆగింది. ఇంకొకటి ఆగింది. ఎద్దు ఏం చేసిందో, కొత్త యజమాని ఏమన్నాడో తెలిసేదాకా అవి మళ్లీ ఆడలేదు. గోడవార నంజుండయ్యగారు కళ్లు మూసుకుని ఉన్నారు.

వచ్చేటప్పుడు లక్ష్మక్క మజ్జిగ ఇచ్చింది. తనకొక తమ్ముడున్నాడని, బావతో మాటామాటా అనుకుని మగ్గం వదిలేసి బెంగుళూరు పోయాడని, అక్కడ పట్టుదారం పురిపెట్టే చోట మంచి పని దొరికిందని చెప్పింది. అమ్మ పోయాక వాణ్ణి తానే పెంచింది. ఆమె మాటల్లో వాడికి చిన్నోడనే తప్ప వేరే పేరు లేదు.

"మా చిన్నోని పేరు గూడా ఒగనాడు పేపర్లో ఎయ్యండి సామీ" అంది.

"వాడు ముందు ఏమన్నా చెయ్యల్ల కదమ్మా" అన్నారు నంజుండయ్యగారు. ముగ్గురమూ నవ్వుకున్నాం.

అప్పటినుంచి ఆయన నన్ను అక్షరం అక్షరం చెక్కారు. మొదటి వాక్యంలో ఏదో ఒకటి దాచమనేవారు. తలుపు పూర్తిగా తెరిస్తే గుమ్మంలోనే అంతా చూసేసి పోతారు, కొంచెం ఓరగా ఉంచితే లోపలికి వస్తారు అనేవారు. నేను నమ్మాను. నమ్మి రాస్తే మగ్గాలు ఆగడమూ మొదలైంది. మొదటిసారి నా వాక్యానికి ఒక మగ్గం ఆగినప్పుడు కలిగిన గర్వం ఆ తర్వాత దేనికీ కలగలేదు.

అరవైలు మొదలైన తర్వాత ఒక వానాకాలం. పత్రిక అచ్చుకు వెళ్లే రోజు మధ్యాహ్నం మా పెనుకొండ విలేకరి రైల్లో వచ్చి ఒక చావు కబురు చెప్పాడు. రామగిరి వైపు పాడుబడిన ఒక గనిగుంతలో బంగారపు రాయి ఏరుకుందామని కొందరు దొంగతనంగా దిగారు. వానకు నానిన మట్టి కూలి ఒకడు చనిపోయాడు. ధర్మవరం వాడట, పేరు ఓబులేసు. నేను చేతికొచ్చినట్టు రాశాను: "ధర్మవరానికి చెందిన ఓబులేసు అనే యువకుడు రామగిరి వద్ద పాత గనిగుంతలో మట్టి కూలి మరణించాడు." నంజుండయ్యగారు చదివి పెదవి విరిచారు. నా వాక్యం కొట్టేసి, నిలబడే ఇలా రాశారు: "గుంతలోకి దించిన లాంతరు వెలుగుతూనే పైకి వచ్చింది, దానితో దిగిన మనిషి రాలేదు." పేరును తీసుకెళ్లి పేరా చివర పెట్టారు. జన్మలో అలాంటి వాక్యం రాయగలనా అనుకున్నాను.

మర్నాడు ఉదయం ఇద్దరమూ ఆ కొట్టంలో ఉన్నాం. లక్ష్మక్క పత్రిక విప్పి ఆ వాక్యం చదివింది.

మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఒకటి తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే. ముందెప్పుడూ అలా జరగలేదు. నంజుండయ్యగారు నా వైపు చూశారు. ఆ చూపులో ఉన్న తృప్తిని నేను మరిచిపోగలిగితే బాగుండేది. అందరూ వింటున్నారని లక్ష్మక్క కొంచెం ముందుకు జరిగి, గొంతు పెంచి, రెండో వాక్యం చదివింది. వాన సంగతి చదివింది. పైన నిలబడ్డవాళ్లు కేకలు వేసిన సంగతి చదివింది. చివరి వాక్యం కూడా అదే ఊపులో, అదే గొంతుతో చదివేసింది: "అతడు ధర్మవరం వాసి ఓబులేసు."

చదివాక ఆమె తల ఎత్తలేదు. వేలు ఆ పేరు మీదే ఉంది. మళ్లీ చదివింది, ఈసారి పెదవులతో మాత్రమే. నారాయణప్ప గుంతలోంచి పైకి వచ్చాడు గాని అడుగు ముందుకు వేయలేదు. అతని ముఖం చూసి కూడా నాకు వెంటనే అర్థం కాలేదు. నాకూ నంజుండయ్యగారికీ తెలిసిన పేరు చిన్నోడే, ఓబులేసు కాదు.

అప్పుడామె నంజుండయ్యగారిని చాలా మామూలుగా అడిగింది: "ఇది మా చిన్నోడు కాదు కదా సామీ? వాడు బెంగుళూరులో కదా ఉండాడు?"

ఆయన లేచి నిలబడ్డారు. నాడెలు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. చిన్నోడు బెంగుళూరు పని వదిలి ఆ గుంతకు చేరాడనీ, ఆ చావు కబురు తెచ్చే మనిషి ఆ సమయానికి కనగానపల్లిలో బస్సు కోసం నిలబడి ఉన్నాడనీ తర్వాత తెలిసింది. అతనికంటే మా రైలు ముందు వచ్చింది.

తిరుగు ప్రయాణంలో పెనుకొండ కొండ కనబడింది. అప్పుడు ఆయన కిటికీలోంచి చూస్తూ, "నీ వాక్యమే ఏసుంటే, ఆయమ్మ నోరు తెరిచేలోపల పేరు కంటికి కనపడుండు కదప్పా. పేపరు మడిచిపెట్టుకోనుండు" అన్నారు. నాకు తెలిసినంతలో ఓదార్చబోయాను. మనకేం తెలుసు సార్, అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "మొదటి వాక్యమంటే మనిషిని పిలిచేది. పిలిచేటప్పుడు చేతిలో ఉండేది ఎనక దాచిపెట్టుకోనుండకూడదు."

ఆ తర్వాత ఆయన ధర్మవరం వెళ్లడం మానేశారు. పత్రికలో వార్తలు పంచాయతీ నోటీసుల్లా తయారయ్యాయి. ఏజెంట్లు కట్టలు వెనక్కి పంపసాగారు. నేను వాక్యానికి కొంచెం ప్రాణం పోస్తే దాన్ని తీసేసేవారు. పత్రిక మూతపడుతుందని భయపడి ఒకరోజు గట్టిగానే వాదించాను. ఆ వారం కట్టతో పాటు ఆయనా రైలెక్కారు.

కొట్టంలో చదవడం ఆ రోజుతోనే ఆగిపోయిందని నారాయణప్ప చెప్పాడు. లక్ష్మక్క రాట్నం ముందే ఉంది. నంజుండయ్యగారు నేల మీద కూర్చుని, తప్పు తనదని చెప్పారు. ఆమె దారం తెగకుండా చూసుకుంటూనే మాట్లాడింది.

"మీరు రాసింది అబద్ధం కాదు సామీ. అందురూ ఇంటాండారని నేను గొంతు పెంచి సదివినా. మా వాని సావును నేను గొంతు పెంచి సదివినా. అదొగటే నన్ను తొలస్తాండాది."

ఆయన తల వంచుకున్నారు. ఆమె రాట్నం ఆపింది.

"ఎద్దు సంగతులు ఎట్లన్నా రాసుకోండి. మనిషి పోతే మాత్రం ముందు పేరు చెప్పండి. సదవాల్నో వద్దో నేను చూసుకుంటా" అని, ఆ వారం పత్రిక కోసం చెయ్యి చాపింది.

అక్కడినుంచి ఆయన వాక్యాలు మళ్లీ లేచి నిలబడ్డాయి. సంతలూ దొంగలూ వానలూ మునుపటిలాగే ఓరగా తెరిచిన తలుపులు. చావు ఉన్నచోట మాత్రం పేరే మొదటి మాట. అలా రాస్తే ఎవరు చదువుతారని నాకు అనుమానం ఉండేది. ఎవరి పేరు అయినా సరే, ఒక మనిషి పేరు వినగానే మగ్గాలు నెమ్మదించడం నేను మళ్లీ మళ్లీ విన్నాను.

ఆ దశాబ్దం ముగిసేలోపే, ఒక ఉదయం ప్రెస్సులో ప్రూఫుల ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారు. నేను పక్క గదిలో ఉన్నాను. పెన్సిలు కింద పడ్డ చప్పుడు విన్నాను, అంతే. ఆ వారం పత్రిక ఆగకూడదని ఇంటివాళ్లే అన్నారు. ఆయన కుర్చీలో కూర్చోలేక నిలబడే రాశాను: "నంజుండయ్య చనిపోయారు." ఆయన దగ్గర నేర్చుకున్న విద్యంతా చేతిలోకి వచ్చి ఇంకేదో రాయమంది. రాయలేదు.

కట్ట తీసుకుని ధర్మవరం వెళ్లాను. నేను ఒక్కణ్ణే రావడం చూసి కూడా ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన అప్పుడప్పుడు రాని వారాలూ ఉండేవి. చెప్పడానికి నాకూ నోరు రాలేదు. లక్ష్మక్క గడప దగ్గరి వెలుతురులో పత్రిక విప్పింది. ఆమె కళ్లు మొదటి మాట మీద ఆగాయి. నోరు తెరవలేదు. వెనక మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆమె పత్రికను మెల్లగా మడిచి ఒళ్లో పెట్టుకుంది. కొంగు తల మీదికి లాక్కుంది. అప్పుడు కొట్టంలోకి తిరిగి, చదువుతున్న గొంతుతో కాదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడే గొంతుతో, "మగ్గాలు ఆపండప్పా. మన సామి పోయినాడు" అంది.

టీకొట్టులో కరెంటు తిరిగి వచ్చింది. వీధంతా మళ్లీ టకటకమంది. కొట్టు ఆయన ఇంకో టీ ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. ఏ వార్త రాయడానికి కూర్చున్నా నాకు మొదట కనిపించేది లక్ష్మక్క కళ్లు పేరు మీద ఆగి, నోరు ఇంకా తెరవని ఆ కాస్త సమయం. నా మొదటి వాక్యం ఇప్పటికీ ఆ కాస్త సమయం కోసమే.