మడతలో అంటిన ఇంకు

1986లో కారిమంగళం పంచాయతీ యూనియన్ ఆఫీసులో, మన మండలాఫీసు లాంటిదాంట్లో, పనిచేస్తున్నాను. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల లెక్కింపుకు నన్ను అసిస్టెంట్ రిటర్నింగ్ ఆఫీసరుగా వేశారు. అంటే ఏ ఓటు చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చే చివరి మాట నాదే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం మాట్లాడే మనిషిని.

వెల్లిచందై పక్కన ఒక ఊరి అధ్యక్ష పదవికి పోటీ. పాత అధ్యక్షుడు తన వీధికే కుళాయిలు వేయించుకున్నాడు. కింది వీధివాళ్లు పొలంలోని దిగుడుబావి నుంచి నీళ్లు మోసేవాళ్లు. వాళ్ల తరఫున నిలబడ్డ రైతు కృష్ణప్ప, మా తెలుగువాడే. గెలిస్తే మొదటి పని కుళాయే అని మాటిచ్చాడు.

మొదటి లెక్కలో పాతాయన రెండు ఓట్లతో గెలిచాడు. కృష్ణప్ప రీకౌంటింగ్ అడిగాడు, ఒప్పుకున్నాను. పాతాయన కట్టలో కృష్ణప్ప ఓటు ఒకటి దొరికి ఇద్దరూ సమమయ్యారు. అప్పుడు, నేను చెల్లవని పక్కన పెట్టినవాటిలో ఒక బ్యాలెట్‌ను కృష్ణప్ప వేలితో చూపించాడు.

అతని నిచ్చెన గుర్తు మీద స్టాంపు ముదురుగా పడింది. పాతాయన తాళంచెవి మీద కూడా లేతగా ఒక ముద్ర ఉంది. స్టాంపులో బాణాలు ఒకే పక్కకు తిరిగి ఉంటాయి. కాగితం మడిచినప్పుడు అంటిన ఇంకయితే అవి అద్దంలోలా ఎదురుపక్కకు తిరుగుతాయి. అలాంటి ఓటు చెల్లుతుందని మాకు ట్రైనింగులో చెప్పారు. ఇక్కడా బాణాలు తిరగబడే ఉన్నాయి. మొదటిసారి తొందరలో చూసుకోలేదు.

అంతవరకు తమిళంలోనే మాట్లాడిన కృష్ణప్ప కంగారులో తెలుగులోకి వచ్చేశాడు.

"అయ్యా, అది మడతలో అంటినది. మీరే బాగా చూడండి."

పాతాయన ఏజెంటు, ఇద్దరిదీ ఒకే భాష, ఇంక లెక్కెందుకని తమిళంలో అని నవ్వాడు. నా ఒళ్లు భగ్గుమంది. రేపు కలెక్టరాఫీసుకు నా మీద అర్జీ పోతుందని భయం పట్టుకుంది. పిరికివాణ్ణి, ఏం చెప్పను! చెల్లదని తమిళంలో గట్టిగా చెప్పి సంతకం పెట్టేశాను. సమమైతే చీటీలు వేయాలన్నది రూలు. వేశాం. పాతాయన పేరు వచ్చింది.

కృష్ణప్ప బయట మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డాడు. కోర్టుకు పోవచ్చని చెప్పబోయాను.

"నాకంత శక్తి లేదు సామీ," అన్నాడు. "ఆ కుర్చీలో అరవాయన కూర్చోనుంటే ఆ ఓటు నాదై ఉండును. మనవాళ్లు కూర్చున్నారు, పోయింది."

మరుసటి ఎండాకాలం పని మీద ఆ ఊరు వెళ్లాను. కింది వీధి ఆడవాళ్లు దిగుడుబావి అడుగున చెంబుతో నీళ్లు తోడుకుంటున్నారు. కృష్ణప్ప భార్య నన్ను గుర్తుపట్టి తాగడానికి నీళ్లిచ్చింది. గుడ్డలో వడగట్టినా అవి ఎర్రగానే ఉన్నాయి. ఆమె చూస్తుండగా తాగాను.

రీకౌంటింగ్‌తో న్యాయం జరుగుతుందా అని కొత్తగా డ్యూటీ పడ్డవాళ్లు అడుగుతుంటారు. నాకు తెలిసింది ఒక్కటే చెప్తాను. పక్షపాతం లేకుండా ఉండటం వేరు, లేనట్టు కనబడాలని చూడటం వేరు. నేను రెండోదాని కోసం ఒక వీధికి నీళ్లు లేకుండా చేశాను.