ఏడు దినాల తడి

హెల్ముట్ సాబ్ చెవి మీద ఎప్పుడూ ఒక ఎర్ర పెన్సిలు ఉండేది. ఒకప్పుడు జర్మనీలో ఆయన కవి, ఆపైన విమర్శకుడు. ఆ పెన్సిలుతో ఎందరి కవిత్వాన్నో చీల్చి చెండాడి, చివరికి తన కవిత్వం తనకే నచ్చక రాయడం మానేశాడు. బతుకుతెరువుకు రియాద్ పక్కన సులైలో గోదాముల సూపర్‌వైజరుగా చేరాడు. గల్ఫ్ యుద్ధంలో క్షిపణుల అదురుకు బీటలిచ్చిన గోడలను, యుద్ధం ముగిశాక కరీంనగర్ మేస్త్రీ దుబ్బరాజం బాగుచేస్తుంటే రోజూ నిలబడి చూసేవాడు. సిమెంటు పూసి గిలాబు చేసిన గోడను దుబ్బరాజం తాపీ పిడితో తట్టి, లోపల డొల్ల ఉందేమోనని చెవి పెట్టి వినేవాడు. ఆ గోడ గురించే పన్నెండేళ్ల తర్వాత హెల్ముట్ మళ్లీ ఒక కవిత రాశాడు. టీ వేళ, వచ్చీరాని హిందీలో దుబ్బరాజానికి వినిపించాడు. చివరి పాదంలో మేస్త్రీ పని ముగించి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోతాడు.

“ఎట్ల పోతడు సాబ్?” దుబ్బరాజం గయ్యిమన్నాడు. “ఈ ఎండకు ఏడు దినాలు నీళ్లు పట్టకుంటే గోడ పగుల్తది!”

హెల్ముట్ ఎర్ర పెన్సిలుతో ఆ పాదం కొట్టేశాడు. కొత్త ముగింపులో మేస్త్రీ ఏడు రోజులూ బకెట్టుతో తిరిగొచ్చాడు. మరుసటేడు ఆ కవిత పేరుతోనే జర్మనీలో పుస్తకం అచ్చయింది. దాన్ని దుబ్బరాజం చేతిలో పెట్టి, పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాడు హెల్ముట్. దుబ్బరాజానికి ఆ అక్షరాలు రావు. అట్టను తాపీ పిడితో తట్టి చెవి పెట్టాడు.

“డొల్ల లేదు సాబ్. గట్టిగున్నది!”

హెల్ముట్ సాబ్ ఎర్ర పెన్సిలును గాల్లోకి ఎగరేశాడు.