డోర్కస్ రాయని షరతు

కనుమ ఎక్కుతున్న బస్సు మలుపు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా దిగుతున్న గొర్రెల లారీ ఒకటి టైరు పగిలి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. జనం విసుక్కుంటూ దిగి, రాతిగోడ చాటున గాలి తప్పించుకున్నారు. డోర్కస్ బర్కెట్ కూడా దిగింది. ప్రతి గురువారం పై లోయలో అన్న సమాధి దగ్గర గడ్డి కత్తిరించి రావడం ఆమెకు అలవాటు.

లారీ చెక్కల సందులోంచి ఒక గొర్రె ఆమెను చూసింది. దాని ఎడమ భుజం మీద ఎర్రగీత ఉంది. ఆ గుర్తు అన్న విల్‌ఫ్రెడ్‌ది, అంతకు ముందు నాన్నది, ఇంకా ముందు తాతది.

మంద మొత్తాన్నీ దించేస్తున్నారా అని డ్రైవరును అడిగింది.

"మొత్తమే అమ్మగారూ. పొద్దున ఒక లోడు దింపొచ్చాను. మధ్యాహ్నం వేలం. సాయంత్రానికి ఏది ఏ ఊళ్లో ఉంటుందో దేవుడికే తెలియాలి."

ఆమెకు కోపం రావలసింది. రాలేదు. చేతి తొడుగు తీసి, మళ్లీ తొడుక్కుంది.

డోర్కస్ కింది ఊళ్లో ఒక వకీలు ఆఫీసులో నలభై ఒక్క ఏళ్లు పనిచేసింది. టైపు కొట్టడానికి చేరి, ఒప్పందాలు రాయడంలో వకీళ్లకే దిద్దుబాట్లు చెప్పే స్థాయికి వచ్చింది. పొట్టేలును అద్దెకిచ్చే రైతు "మంచి స్థితిలో తిరిగివ్వాలి" అని రాయమంటే, ఆమె అలా రాసేది కాదు. నాలుగు కాళ్లూ కుంటకుండా, రెండు కళ్లూ కనబడుతూ, ఫలానా తేదీ చీకటి పడేలోగా అని రాసేది. ఆ తర్వాత కళ్లజోడు పైకి జరిపి, "అతను ఇవ్వకపోతే?" అని అడిగేది. ఆ ప్రశ్నకు రైతులు ముఖం మాడ్చుకునేవారు. పొరుగువాడు నోటిమాట ఇచ్చాక కాగితం అడగడమంటే ఆ లోయల్లో వాడి ముఖాన ఉమ్మినట్టే. సంతలో బేరం కుదిరితే అరచేతులు చరుచుకుంటారు, అమ్మినవాడు అదృష్టం కోసం ఒక నాణెం తిరిగిస్తాడు, అక్కడితో సరి. డోర్కస్ ఆ పద్ధతిని జీవితమంతా వెక్కిరించింది.

కిందటి శిశిరంలో అన్న పోయాడు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, పొలమూ మందా ఆమెకొచ్చాయి. ఆయన అడిగింది ఒక్కటే, మందను కొండ దించవద్దని. ఆ కొండకు కంచె లేదు. తమ మేత ఎక్కడి దాకానో తల్లి గొర్రె పిల్లకు నేర్పుతుంది, ఆ పిల్ల తన పిల్లకు. ఒకసారి దించేస్తే ఎంత మేలుజాతి గొర్రెల్ని కొని తోలినా అవి ఆ హద్దు ఎరగవు, వేరే లోయలోకి పోతాయి.

వాటిని కొనడానికి వచ్చింది పక్క పొలం లెనర్డ్ రడ్, చిన్నప్పుడు ఒకే బడి. వంటింట్లో టీ తాగుతూ, "నేను బతికుండగా గొర్రెలు కొండ దిగవు" అన్నాడు. ఆ మాట రాద్దామని ఆమె కాగితం తీసింది. అతను ఆ కాగితం వంక చూసి కప్పు కింద పెట్టేశాడు. ఆమె సిగ్గుపడి దాన్ని మడిచి పెట్టేసింది. తర్వాత అమ్మకపు పత్రం తనే తయారుచేసి, అందరి పత్రాల్లో పెట్టే చివరి షరతును అలవాటుగా పెట్టింది: ఈ కాగితంలో ఉన్నదే ఒప్పందం, బయట అనుకున్న ఏ మాటా చెల్లదు.

డ్రైవరు జాకీ వేస్తుంటే ఆమె ఆఫీసుకు ఫోన్ చేసింది. ఇమోజెన్ ప్రయర్ ఎత్తింది, డోర్కస్ దగ్గరే పని నేర్చుకున్న వకీలు.

"రడ్ ఇచ్చిన మాట రాతలో ఉందా డోర్కస్ గారూ?"

"లేదు."

"సాక్షులు?"

"కుక్క."

"చివరి షరతు పెట్టారా?"

"పెట్టాను."

రాతలో ఉండి, నిన్ననే తెలిసుంటే జడ్జిని అడిగి లారీ కదలకుండా ఆపించేదాన్ని అంది ఇమోజెన్. మాట తప్పాక కోర్టులు మామూలుగా ఇప్పించేది డబ్బే అనీ, మాట తప్పకముందే ఆపించుకోవడమే మార్గం అనీ, మెల్లగా, నొప్పించకుండా చెప్పింది. డోర్కస్ మధ్యలో ఆపకుండా వింది. ఆ వాక్యాలన్నీ ఒకప్పుడు తను నేర్పినవే.

ఇంతలో లారీ వెనక నుంచి రడ్ జీపు వచ్చింది. అతను కుంటుతూ దిగాడు.

"ఈరోజే రావాలా డోర్కస్ నువ్వు?"

"గురువారం కదా లెన్."

మోకాళ్లు పోయాయని చెప్పాడు. కొండ మీద మొక్కలు నాటేవాళ్లు గొర్రెల్ని దించితే ఏటా డబ్బిస్తామన్నారట. "ఆ రోజు అబద్ధం చెప్పలేదు. అన్నప్పుడు అలాగే అనుకున్నాను. అయినా కాగితంలో లేదుగా. రాసింది నువ్వే."

"అవును, నేనే."

అతనికి అది రుచించలేదు. తిట్టి ఉంటే బాగుండునన్నట్టు చూశాడు. "పోనీ, లారీలోంచి ఒక డజను దింపిస్తాను. తీసుకో."

"ఎక్కడ కట్టేసుకోను, బ్రెడ్డు కొట్టు పైన నా గదిలోనా?"

డ్రైవరు నవ్వి, రడ్ ముఖం చూసి ఆపుకున్నాడు.

"అయితే నష్టమెంతో నువ్వే చెప్పు. జనం నష్టాలకు జీవితమంతా విలువ కట్టావు. నువ్వు ఎంతంటే అంత ఇస్తాను, మారు మాట్లాడను."

ఆమె నిజంగానే ఆలోచించింది. గొర్రె ధర తెలుసు, ఉన్ని ధర తెలుసు. అన్న అడిగినదానికి వాటిలో ఏదీ సరిపోలేదు. లోపల వెతికితే ఏడుపు కూడా దొరకలేదు.

టైరు బిగిసింది. లారీ ఒకసారి ఊగి, పల్లంలోకి కదిలింది. దారి వచ్చిందని బస్సు హారను కొట్టింది. తను చెడ్డవాణ్ని కాదనీ, కావాలంటే ఆ డబ్బు మాట ఇప్పుడే రాసిస్తాననీ రడ్ చెబుతూనే ఉన్నాడు. జేబులో కలం కోసం తడుముకుంటూ తల దించాడు.

డోర్కస్ అన్న సమాధి దగ్గరికి పోయే ఆ బస్సు వైపు తిరగలేదు. గోడ పక్కగా, లారీ పోయిన పల్లపు దారినే నడిచి వెళ్లిపోయింది.