మా ఇంటికి వచ్చిన వాగ్దానం

ఆదివారం చర్చి నుంచి వచ్చి పెద్దదానికి జడ విప్పుతుంటే, నా వేళ్లు దాని మెడకు తగిలి చురుక్కుమన్నాయి. తొమ్మిదేళ్ల పిల్ల ఒళ్లు పొయ్యి మీది గిన్నెలా కాలుతోంది. "ఏం లేదమ్మా, ఎండల కూసున్న" అంది. చిన్నది ఊరుకుంటుందా? "అబద్ధం! అక్కకు మొన్నటి సంది చలి పెడుతున్నది. నీకు చెప్తే కొడతనన్నది" అని బయటపెట్టింది. ఎందుకు దాచావే అని అడిగితే, పెద్దది నా మొహం చూడకుండా తలుపు వైపు చెయ్యి చూపించింది.

తలుపు మీద వాగ్దానపు కార్డు ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఇంటికొకరం వెళ్లి పళ్లెంలోంచి బైబిలు వాక్యమున్న ఒక కార్డు తీస్తాం. ఆ ఏడంతా ఆ ఇంటికి అదే వాక్యం. ఈసారి మాకొచ్చింది, తెగుళ్లు ఇంటి ఛాయలకు రావన్న మాట. మాది అడవి అంచు ఊరు, వానలు పడ్డాయంటే ఇంటికొకరు మంచం పడతారు. అందుకే ఆ కార్డు చూసి ఎంత మురిసిపోయానంటే, పోయిన నెల చర్చిలో లేచి నిలబడి, మా ఇంట్లో ఒక్కరికీ జ్వరం రాలేదని సాక్ష్యం కూడా చెప్పాను. "నాకు జ్వరమంటే నువ్వు చెప్పింది అబద్ధమైతది కదమ్మా" అంది పెద్దది.

దవాఖానాకు స్కూటీ మీద వెళ్తున్నంతసేపూ దాని వేడి నా వీపుకు తగులుతూనే ఉంది. రక్తం చూసి మలేరియా అన్నారు. "ఇంకా ఆలస్యమైతే తలకెక్కేది. చదువుకున్నదానివి, ఏం చేస్తున్నవమ్మా?" అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి మాత్రలు మింగించి పక్కన పడుకోబెట్టుకున్నాక మా నాయనమ్మ గుర్తొచ్చింది.

పినపాక దగ్గర ఊళ్లో ఉండేది నాయనమ్మ. పిల్లలు పుట్టాక రాత్రిబడిలో చదువు నేర్చి, వాక్యం కింద వేలు పెట్టుకుని మెల్లగా చదివేది. ఒక ఏడు మా చిన్నాన్నకు, నాటని తోటల పంట తింటావన్న కార్డొచ్చింది. ఇంకేం, మిరపతోటలో కలుపు మానేసి అరుగు మీద కూర్చున్నాడు. నాయనమ్మ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు అన్నానికి బదులు బైబిలు తెచ్చి ముందు పెట్టింది. "పైన నాలుగు, కింద నాలుగు చదువు బిడ్డా. ఎవలకు చెప్పిండు, ఎందుకు చెప్పిండు? ఉత్తరాన్ని నడుమ చింపుకొని చదువుతరా ఎవలన్న?" ఎడారిలో నడిచి నడిచి వచ్చినవాళ్లతో అన్న మాట అది. దాని కిందే, కడుపు నిండాక నన్ను మరిచిపోవద్దన్న హెచ్చరిక. చిన్నాన్న చదివి, "అవ్. మరి అన్నం?" అన్నాడు. "కలుపు తీసి రాపో, పెడత."

ఆ ఆదివారం సాయంత్రం నేనూ మా కార్డు వాక్యానికి పైనా కిందా చదివాను. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన కీర్తనే. మా కార్డు మాటకు కిందనే, దూతలు నిన్ను చేతుల మీద ఎత్తిపట్టుకుంటారని ఉంది. ఆ మాటలనే సాతాను యేసు ప్రభువుకు వినిపించి, గుడి మీంచి దూకమన్నాడు. ఇంకా కిందకు వెళితే, శ్రమలో తోడుంటానని ఉంది. శ్రమే రానివాడికి అందులో తోడెందుకు? ఇన్నేళ్లూ ఈ ప్రశ్న నాకెందుకు తట్టలేదో! రెంటినీ ఎలా కలిపి చదవాలో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలిసిందల్లా, దేవుడి మాట నిలబెట్టాలని నా పిల్ల లోపల వణుకుతూ పైకి నవ్వడం నేర్చుకుందని. నేర్పింది నేనే.

పొద్దున కాస్త జ్వరం తగ్గి పెద్దది గంజి తాగుతుంటే, ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. "మనకు జ్వరం రాదని దేవుడు చెప్పలేదు బిడ్డా, నేను చెప్పిన. తప్పు నాది. ఇగ నుంచి ఒళ్లు కాలితే కాలుతున్నదనే చెప్పాలె. ఆయన ఏమనుకోడు."