సూర్యుడికి వీపు తిప్పిన పెట్టె

ఒక్క తలుపు తీసి ఊరంతటి చేత ముక్కు మూయించిన ఘనుణ్ణి మీరెప్పుడూ చూడకపోతే, ఆ ఘనుణ్ణి నేనే. భోజనం చేసే ముందు మాత్రం ఇది చదవకండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మెడలో గుర్తింపు కార్డు, తలలో గాలి. కృష్ణపట్నానికి అవతల సముద్రపు ఒడ్డున ఒక పాలెంలో, ఆడవాళ్ల సంఘం ఉమ్మడిగా వాడుకునే సోలార్ డ్రయ్యర్ పెట్టించడం నా ఉద్యోగం. అదొక అద్దాల పెట్టె. ఎండ తగిలితే లోపల చేపలు ఎండుతాయి, ఇసుక అంటదు, కాకులు ఎత్తుకుపోవు. పెట్టె మంచిదే. పెట్టించినవాడే వెధవ.

అద్దం కిందే పేర్ల బోర్డు ఉంది. పైన మా పెద్దసారు పేరు, కింద చిన్న అక్షరాల్లో నాది. ప్రారంభానికి వచ్చే సారు కారు దిగగానే అది కనపడాలని పెట్టెను ఉత్తరాన రోడ్డు వైపు తిప్పించాను. అది డిసెంబరు.

సంఘం లీడరు రమణమ్మ ముప్పై ఏళ్లుగా చేపలు ఎండబెడుతోంది. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఈ నెలలో సూరీడు దక్షిణం పక్కన గదా నాయనా పోయేది. ఇటు తిప్పినావేంది?"

"ఇది టెక్నాలజీ అక్కా, నీకు తెలీదు," అన్నాను. ఎంత తెలివో చూశారా!

అంతటితో ఆగానా? సారు వచ్చేసరికి పెట్టె నిండుగా ఉండాలన్నాను. ఆ వారం సంతకని రమణమ్మ దగ్గర ఉన్నవి రెండు గంపల నెత్తళ్లు, వేలెడేసి పచ్చి చేపలు. అవి చెడితే వారమంతా ఇల్లు గడవదని చెప్పింది. పూచీ నాదని ఒక గంప లాక్కున్నంత పని చేసి పెట్టెలో పోయించి, వేడి బయటికి పోకుండా తలుపుకు తాళం వేసుకుని నెల్లూరు వచ్చేశాను. రెండో గంప ఆమె ఎప్పటిలాగే ఇసుక మీద ఆరబోసుకుంది.

రెండో రోజు సారు వచ్చారు, రిబ్బను కత్తిరించారు. తలుపు నేనే తీశాను. ఆ కంపుకు సారు రెండడుగులు వెనక్కి వేశారు. ఇసుక మీది నెత్తళ్లు మాత్రం గలగలమంటున్నాయి.

"ఎండబెట్టే పెట్టెకు ఎండ తగలకుండా పెట్టారేమిటి?" అన్నారు సారు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

నేను నోరు తెరిచేలోగా రమణమ్మే జవాబు చెప్పింది. "ఎండకు మీ పేరు ఎలిసిపోతాదని సారూ."

సారు కారు కదిలిందో లేదో నలుగురు ఆడవాళ్లు పెట్టెను పట్టుకుని దక్షిణానికి తిప్పేశారు. రమణమ్మ నన్ను వదల్లేదు. నా చేతనే కుళ్లినవి పూడ్పించింది, ఒక గంప పచ్చి నెత్తళ్లు కొనిపించింది, రెండు రోజులు కూర్చోబెట్టి అదే పెట్టెలో ఎండబెట్టించింది. సంతకు ఆ గంప మోసింది కూడా నేనే.

ఇప్పుడు ఆ బోర్డు ముళ్లకంపల వైపు ఉంది. మా పేర్లు మేకలు చదువుకుంటున్నాయి. అందుకే ఆ కుళ్లిన గంప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్లో ఏ పెట్టె దించినా, సారు ఎటునుంచి వస్తారని అడగను. సూర్యుడు ఎటునుంచి వస్తాడని అడుగుతాను, అదీ రమణమ్మనే.