చిజురు అక్క తవ్విన వంపులు

కొండల్లో సైకిళ్ళు తొక్కే సంఘం అంటే జనం ఏదేదో ఊహించుకుంటారు. హెల్మెట్లు పెట్టుకుని రాళ్ళ మీంచి గాల్లోకి లేచే కుర్రాళ్ళు, దుమ్ము, కేకలు. మా కామిసావా సంఘాన్ని చూడ్డానికి ఆదివారం పొద్దున్నే వస్తే మెడకు తువ్వాళ్ళు చుట్టుకుని, రబ్బరు బూట్లేసుకుని, ఎవరిదో కాలవ గట్టు మీద వంగి గడ్డి కోస్తున్న జనం కనిపిస్తారు. మేమే ఆ సంఘం. సైకిళ్ళు ఇంట్లో ఉంటాయి.

ఇదంతా మా చిజురు అక్క చలవ.

కోమియామా చిజురుకి యాభై దాటాయి. స్టేషన్ ఎదురుగా లాండ్రీ షాపు నడుపుతుంది. సంఘం పెట్టిందీ, నడిపేదీ, మా చేత గొడ్ల కన్నా హీనంగా పని చేయించేదీ ఆవిడే. పోనీ సైకిలు బాగా తొక్కుతుందా అంటే, దాని గురించి నేను మర్యాదగానే చెబుతాను. ఎలుగుబంట్లు దూరంగా పోవాలని మేమంతా సైకిలుకి ఒక గంట కట్టుకుంటాం. ఆవిడ మూడు కట్టుకుంది. ఆ మోత విని ఎలుగుబంట్లు పోతాయో లేదో తెలీదు గానీ, ఆవిడ బ్రేకు వేసే పద్ధతి ఒక్కసారి చూశాయంటే మాత్రం పక్క జిల్లాకి పోతాయి. పడ్డప్పుడు కూడా మర్యాదగానే పడుతుంది. ఒకసారి సీడరు చెట్టుని గుద్దుకుని, లేచి, ఆ చెట్టుకి నడుం వంచి క్షమాపణ చెప్పడం నా కళ్ళతో చూశాను.

ఆవిడ అసలు విద్య వేరే ఉంది. మా చుట్టూ ఉన్న ప్రతి కొండవాలూ ఎవరో ఒకరిది. ఒప్పుకోకుండా అందులో చక్రం పెట్టకూడదు. మిగతా ఊళ్ళ సంఘాలవాళ్ళు వెళ్ళి అడుగుతారు, కాదనిపించుకుని వస్తారు. చిజురు అక్క అడగదు. ముందు ఆ ఆసామి కాలవలో పూడిక తీయిస్తుంది. చలికాలం వస్తే ఆయన ఇంటి కప్పు మీద మంచు తోయిస్తుంది. ఉత్సవం రోజున దేవుడి పల్లకీ మోయడానికి మనిషి తక్కువైతే మా భుజం పెట్టిస్తుంది. చివరికి ఆ మనిషే మొహమాటం భరించలేక, "ఏమైనా కావాలా అమ్మాయ్?" అంటాడు. అప్పుడు ఈవిడ సిగ్గుపడిపోతూ, "అబ్బే, ఏం లేదండీ. మీ కొండ మీద కాస్త సైకిలు..." అంటుంది. ఇంత ఓపిగ్గా ఉచ్చు బిగించే వేటగాడు మా వేటగాళ్ళ సంఘంలో కూడా లేడు.

ఆ పద్ధతికి అందరూ లొంగారు, ఓగుచి జింపాచి తాత తప్ప. ఆయన కొండ, పైన అడవి రోడ్డుకీ కింద గుడికీ మధ్యన సరిగ్గా అడ్డంగా కూర్చుంది, అచ్చం ఆయనలాగే. అది లేకపోతే మా నవంబరు సైకిళ్ళ పండగ లేనట్టే. అంతకుముందు ఏడు బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని సగం దూరం తారు రోడ్డు మీద, క్యాబేజీ లారీల వెనకాల దింపాం. పంది మాంసం పులుసు చాలా బాగుందని పొగిడి, మళ్ళీ రాకుండా వెళ్ళిపోయారు. ఈసారి కొండదారి లేకపోతే పండగ మానేద్దామని ఊరి సంఘం పెద్ద యాజిమా గారు తేల్చేశారు. పులుసు వండే ఆడవాళ్ళు కూడా సరేనన్నారు. ఆ వారమంతా చిజురు అక్క ఇస్త్రీ చేసిన చొక్కాల మడతలు కత్తుల్లా వచ్చాయి.

ఏళ్ళ తరబడి మంచు తోయించుకున్నాక, ఓగుచి తాత ఆ వేసవిలో లొంగాడు. ఒకటే షరతు. దారి ఆయన చెప్పినట్టే పోవాలి. కర్ర పట్టుకుని ముందు నడిచాడు, వెనక మేం దారి గుర్తుకి ముగ్గు పోసుకుంటూ వెళ్ళాం. కొండ వెన్ను వెంబడి దారి తిన్నగా దిగింది. ఎర్రటి పైన్ చెట్ల గుంపు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి, పక్కకి తిప్పమన్నాడు. చుట్టూ తిప్పి, మళ్ళీ అవతల కలపమని కర్రతో చూపించాడు.

ఎవరూ ఎందుకని అడగలేదు. అడుగుతామా? ఎర్ర పైన్ల కింద, బోలెడు ఖరీదు పలికే మత్సుతాకె పుట్టగొడుగు లేచే చోటు మా ఊళ్ళో కన్నకొడుక్కి కూడా చెప్పరు. పోయేముందు చెబుదామని ఆగి, చెప్పకుండానే పోయిన తాతలు వీధికొకరున్నారు. మేం తలలు దించుకుని ముగ్గు పోశాం.

ఇక్కడే మా అక్క బుద్ధి బయటపడింది. దారి తిప్పమంటే తిప్పి ఊరుకోవచ్చు కదా. లాండ్రీ మనిషాయె. అర్ధచంద్రాకారంలో, గీత గీసినట్టు, అంచున దుంగలు పేర్చి, చొక్కా కాలరు తిప్పినంత ముచ్చటగా తిప్పింది. మాకు పిసరంత అనుమానం రాలేదు. పైగా వెనక్కి నిలబడి చూసుకుని మెచ్చుకున్నాం.

మాకో ఆనవాయితీ ఉంది. కొత్త దారి మీద చక్రం పెట్టేముందు ఊరంతా ఒకసారి కాలినడకన దిగాలి. ఆగస్టు చివర అందరూ వచ్చారు. యాజిమా గారు, పులుసు ఆడవాళ్ళు, ఓగుచి తాత, ఆయన భార్య ఇసొయో బామ్మ. కబుర్లు చెప్పుకుంటూ తిన్నగా దిగుతున్న జనం ఆ వంపు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయారు. పక్కన రాయి లేదు, గొయ్యి లేదు, పడిపోయిన చెట్టు లేదు. చదునైన నేల, పైన నాలుగు పైన్ చెట్లు, వాటి చుట్టూ మహారాజుకి వేసినట్టు దారి.

"ఏమండీ, ఇక్కడ దారెందుకు తిరిగిందీ?" అంది ఇసొయో బామ్మ.

"నీళ్ళు నిలుస్తాయి," అన్నాడు తాత.

"వాలు మీద నీళ్ళెలా నిలుస్తాయండీ?"

అంతే. ఊరు ఊరంతా ఆకాశం చూడ్డం మొదలెట్టింది. ఒకాయన మబ్బుల గురించి ఏదో అన్నాడు. యాజిమా గారు వంగి బూటు లేసు కట్టుకున్నారు. ఆయన వేసుకున్నవి రబ్బరు బూట్లు.

"పెళ్ళయినప్పట్నుంచీ అడుగుతున్నా చెప్పలేదు మీ తాత," అంది బామ్మ నాతో, అందరికీ వినపడేలా. "చిజురు చేత తవ్వించి మరీ చూపించాడు."

తాత మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. చిజురు అక్క మొహం చూశాను. చెట్టుకి క్షమాపణ చెప్పినప్పుడు కూడా అలా లేదు.

ఆ సాయంత్రమే కొండ మొదట్లో తెల్ల నైలాను తాడు కట్టేశాడు తాత. పుట్టగొడుగుల కాలంలో లోపలికి రావద్దని కట్టే తాడే అది, కానీ దానికింకా చాలా రోజులుంది. అక్క ఎర్ర చిక్కుడు మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్ళి వాకిట్లో క్షమించమని నడుం వంచింది. తాత చాలా మర్యాదగా మాట్లాడాడట. ఎండల గురించి, దోసకాయల గురించి. దారి సంగతి ఆలోచిస్తానన్నాడట. మా వైపు ఆలోచిస్తానంటే అర్థం ఏమిటో అడగకండి. మర్నాడు పొద్దున షాపు మెట్టు మీద ఆ మిఠాయి డబ్బా, రిబ్బను కూడా విప్పకుండా, తిరిగొచ్చి కూర్చుంది. తలుపు మీద గొడ్డలి విసిరినా అంత చప్పుడయ్యేది కాదు.

మేం సలహాలివ్వడానికి పోటీలు పడ్డాం. వంపు తీసేసి దారి తిన్నగా వేసేద్దాం అన్నాను నేను. అంటే ఆయన పుట్టగొడుగుల మీంచి సైకిళ్ళు తోలదామంటావా అంది అక్క. పూడ్చేసి గడ్డి కప్పుదామన్నారు యాజిమా గారు. కొత్త మట్టి ఇంకా గట్టిగా అరుస్తుందండీ, అని ఆయన్నీ కూర్చోబెట్టింది. ఆ రోజుల్లో ఆవిడ సైకిలు బయటికి తీయలేదు. ఊరు మరీ నిశ్శబ్దంగా ఉండేది.

ఒకరోజు నేను షాపులో కూర్చుని నా ప్యాంటు ఇస్త్రీ కోసం ఎదురు చూస్తున్నాను. ఎవరో ఒకావిడ నల్ల జాకెట్టు పట్టుకొచ్చింది. బ్లీచి నీళ్ళు పడి తెల్ల చుక్క తేలింది, కనపడకుండా చేయగలరా అని అడిగింది.

"ఒక్క చుక్కయితే కనపడుతుందండీ, ఏం చేసినా," అంది అక్క ఇస్త్రీ పెట్టె ఆపకుండానే. "జాకెట్టంతా చుక్కలుంటే అది డిజైను."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తనే నమ్మలేనట్టు ఆగిపోయింది. ఇస్త్రీ పెట్టె మాత్రం నా ప్యాంటు మీదే ఉంది. నేను కమురు వాసన గురించి ఏదో అనేలోపల ఆవిడ చెప్పులేసుకుని వీధిలో ఉంది.

నేనూ వెనకాలే పరుగెత్తాను. మొదటిసారి ఆవిడ మిఠాయి లేకుండా ఒకరి వాకిట్లోకి వెళ్ళింది. మొదటిసారి చుట్టూ తిప్పకుండా అడిగింది కూడా.

"ఓగుచి గారూ, తప్పు నాది. మీ కొండ మీద ఇంకో పది వంపులు తవ్వుతాను. ఎక్కడెక్కడో మీరు చూపించండి."

తాత వెల్లుల్లి కట్టలు కడుతున్నాడు. చేతులు ఆగాయి.

"ఉత్తుత్తివా?"

"ఉత్తుత్తివే. అన్నీ ఒక్కలాగే తవ్వుతాను. ఏది ఏదో నాక్కూడా తెలీనంత ఒక్కలాగా."

"పుట్టగొడుగు లేచేలోపల అయిపోవాలి."

"అయిపోతుందండీ. మరి పండగకి దారి..."

"ముందు తవ్వు," అన్నాడు తాత, మళ్ళీ వెల్లుల్లి అందుకుని. "తరవాత చూద్దాం."

తవ్వాం. నా అరచేతులు ఇప్పటికీ సాక్ష్యం చెబుతాయి. తాత మడత కుర్చీ తెచ్చుకుని, నీడ చూసుకుని కూర్చుని, కర్రతో చూపిస్తూ ఉండేవాడు. మొదట్లో ముభావంగానే చూపించాడు. మూడో వంపుకల్లా రుచి మరిగాడు. ఒకటి ముళ్ళ పొదల చుట్టూ తిప్పించాడు. ఒకటి నిలువెత్తు వెదురుగడ్డి చుట్టూ. యాజిమా గారికి ఎప్పట్నుంచో ఏ మూల మీద అనుమానముందో ఆయనకి తెలుసట, అక్కడో గొప్ప వంపు వేయించాడు. యాజిమా గారు చూడ్డానికి వచ్చిన రోజున ఆ ఉత్త నేల ముందు తాత చేతులు చాపి నిలబడి, లోపల అడుగు పెట్టొద్దని బతిమాలాడు. ఇంత నటుడు మా ఊళ్ళో ఉండి కూడా గుడి నాటకాల్లో ప్రతి ఏడూ గుర్రం వేషం ఇచ్చాం ఆయనకి.

దారి చివరికి ఎలా తయారైందంటే, తాగినవాడు నూడుల్సు గిన్నె జారవిడిస్తే నేల మీద పడినట్టుంది. నడక రోజున మేం ఆగిన వంపు ఏదో నాకే గుర్తు పట్టడం కష్టమైంది.

పుట్టగొడుగుల కాలం వచ్చింది, తాడు అలాగే వేలాడుతోంది. ఆ ఏడు కామిసావాలో ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగిపోయింది. తెల్లారేసరికి కొండ పక్క రోడ్డు మీద వ్యాయామం చేసేవాళ్ళే. తాడు దాటలేదని అందరూ ఒట్టేసేవారు. కానీ బట్టలు ఒట్టేయవు కదా. పైన్ జిగురు అంటిన మోకాళ్ళు, ముళ్ళు పట్టుకున్న చొక్కా చేతులు, అన్నీ చిజురు అక్క బల్ల మీదికే వచ్చేవి. ఎవరు ఏ వంపు దగ్గర పాకారో ప్యాంటు చూసి చెప్పగలదు ఆవిడ. యాజిమా గారి ప్యాంటు మడత విప్పి, చూసి, మళ్ళీ మడిచి, జిగురు మరకకి కాస్త ఎక్కువ సమయం పడుతుందండీ అని మాత్రం అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అందరికన్నా ఎక్కువసార్లు వచ్చింది ఇసొయో బామ్మ. ఆమె పొలం పైజామా ముళ్ళు గుచ్చుకుని జల్లెడలా ఉండేది. ఓ రోజు ఆమె వచ్చేసరికి నేనూ షాపులోనే ఉన్నాను.

"పిన్నీ, మళ్ళీనా," అంది అక్క, ఒక్కో ముల్లూ పీకుతూ. "ఇవి పొదల వంపు దగ్గరివి. అక్కడేం లేదు."

"లేదని నాకు తెలీదా?"

"మరెందుకు వెళ్ళారు?"

"అసలుది ఎక్కడో నడక రోజునే చూశాం కదే," అంది బామ్మ. "నువ్వన్ని తవ్వితే మాత్రం, కళ్ళతో చూసింది మర్చిపోతానా? ఆ రోజు నలుగురిలో నోరు జారాను. ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు రోజుకో వంపు దగ్గర వెతికి ఖాళీ బుట్టతో వస్తున్నా. దొరికిందా అంటాడు. లేదంటాను. రెండు గిన్నెల అన్నం తింటున్నాడు."

అక్క చేతిలో ముల్లు అలాగే ఉండిపోయింది. బామ్మ నా వైపు తిరిగి, వీడు విన్నాడా అంది.

"వీడి ప్యాంటు కాల్చేశాను పిన్నీ. వీడి ధ్యాసంతా దాని మీదే ఉంది," అంది అక్క.

నవంబరు వచ్చింది. పైన్ల కింద ఇంకేమీ లేవని ఊరందరికీ తెలుసు, అయినా తాడు అలాగే ఉంది. పండగ వచ్చే ఆదివారం. పులుసు ఆడవాళ్ళు ముల్లంగి కొనాలా వద్దా అని రోజూ షాపుకి వచ్చి అడిగి వెళ్తున్నారు. అక్క వాళ్ళకి నవ్వుతూ టీ ఇచ్చేది. వాళ్ళు వెళ్ళాక ఇస్త్రీ చేసినదే మళ్ళీ ఇస్త్రీ చేసేది.

బుధవారం పొద్దున ఉండబట్టలేక ఇద్దరం కొండ మొదటికి వెళ్ళాం. తాత అక్కడే ఉన్నాడు, కొడవలితో తాడు కట్టిన గుంజల చుట్టూ గడ్డి కోస్తూ. అక్క వంగి పలకరించింది, చలి గురించి మాట్లాడింది, ఆయన ముల్లంగి మడి గురించి మాట్లాడింది. తాడు మాట ఎత్తలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నీతో ఓ మాట చెప్పాలమ్మాయ్. మా ఆవిడ సామాన్యురాలు కాదు. ఒక్కో వంపూ చూసి ఇది కాదని కొట్టేస్తూ వస్తోంది. ఇలాగైతే రెండేళ్ళలో అసలుది దొరికిపోతుంది."

"అయ్యో," అంది అక్క.

"వచ్చే వేసవికి ఇంకో నాలుగు తవ్వాలి నువ్వు."

ఆ మాట అంటూనే ముడి విప్పడం మొదలెట్టాడు. చలికి వేళ్ళు సరిగ్గా సాగడం లేదు. అక్క రెండో కొస దగ్గరికి వెళ్ళి అటు ముడి విప్పింది. నేను ఆవిడ మొహంలో నవ్వు కోసం వెతికాను. ఊరందరి ప్యాంట్లూ మడిచి పెట్టిన మొహం అది, ఒక్క ముడత లేదు.

"పిన్నిగారి దగ్గర నాలుగెక్కడ ఆగుతాయండీ," అంది, తాడు మోచేతికి చుట్టుకుంటూ. "ఆరు తవ్వుదాం."