ఖాళీ ఒప్పుకోని విజయేందర్

మా విజయేందర్ అన్న ఏ వస్తువూ ఖాళీ అయిందని ఒప్పుకునేవాడు కాదు.

ఆయనింట్లో టూత్‌పేస్టు గొట్టం మూడుసార్లు చచ్చేది. మొదట చపాతీ కర్ర కింద, తర్వాత తలుపు సందులో, ఆఖరున కత్తెరకి. ఆవకాయ జాడీ అడుగంటితే అందులో వేడన్నం కలిపేవాడు. ఆ తర్వాత నీళ్ళు పోసి తొలిపి, ఆ నీళ్ళతో చారు పెట్టించేవాడు. పద్మారావు నగర్‌లో వాళ్ళ వీధికి చెత్తబండి వస్తే, స్వర్ణలత వదిన ఖాళీ సీసాల్ని కొంగు చాటున దాచి తెచ్చి పడేసేది. దొరికిపోతే అంతే.

"ఏందది?"

"ఖాళీ షాంపూ సీసా."

"నీళ్లు వోసి ఊపినవా?"

"మూడుసార్లు ఊపిన."

"నాలుగోసారి?"

అప్పట్లో బేగంపేటలో మా ఆఫీసుకి కింద జావా కోచింగ్, పైన కాల్‌సెంటర్. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ మీద పడిపోతే, మధ్య అంతస్తులో మేం విదేశాల నుంచి ప్రోటీన్లు తెప్పించి పరిశోధనశాలలకి అమ్మేవాళ్ళం. పెళ్ళిచూపుల్లో ఆ మాట చెబితే "ఏ జిమ్ముకి బాబూ?" అని అడిగేవారు. నాది సేల్సు. ఫ్రిజ్‌లూ స్టోరూ విజయేందర్ అన్నవి.

ఓ మంగళవారం పొద్దున్నే ఫోను. మౌలాలి దగ్గర ఓ ల్యాబులో పీహెచ్‌డీ చేస్తున్న లోవలక్ష్మి. మా తుని వైపు పిల్ల. ఒకటే ఏడుపు.

"పైడిబాబు గారూ, సీసా ఖాళీగా వచ్చిందండీ!"

అది మామూలు సీసా కాదు. ఒంట్లో పాడైపోయిన కొవ్వుని ఏరి పట్టుకునే ప్రోటీన్ ఒకటుంది. మనిషి జన్యువుతో దాన్ని ల్యాబులో తయారుచేసి, ఎండబెట్టి, చిటికెన వేలంత సీసాలో పంపుతారు. ఆరు వారాలు ఎదురుచూస్తే వచ్చింది. ఆ పిల్ల థీసిస్‌లో ఆఖరి ప్రయోగం దానితోనే. ఆమె గైడు జీవరాజు గారు అప్పుడే ఆ సీసా తయారుచేసిన విదేశీ కంపెనీకి "ఖాళీ సీసాలమ్ముకుని బతుకుతున్నారా?" అని ఈమెయిల్ కొట్టేశారట.

ఖాళీ అన్న మాట చెవిన పడగానే విజయేందర్ అన్న స్టోరులోంచి బాణంలా వచ్చాడు.

"నా చేతుల మీదికెళ్లి పోయిన సీసా ఖాళీనా? నడువ్ తమ్మీ!"

ఆయన స్కూటరు మెట్టుగూడలో ఆగిపోయింది.

"పెట్రోలు అయిపోయినట్టుందన్నా."

"అయిపోవుడేంది? నువ్వు దిగు."

బండిని పక్కకి పడుకోబెట్టి, లేపి, కిక్కు కొట్టాడు. కదిలింది. తార్నాకలో మళ్ళీ పడుకోబెట్టాడు. లాలాపేటలో ఇంకోసారి. మౌలాలి చేరేసరికి ఆ బండి నడిచినదానికంటే పడుకున్నదే ఎక్కువ.

ల్యాబులో లోవలక్ష్మి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. సీసా వెలుతురుకి పట్టి చూశాను. శుభ్రంగా ఏమీ లేదు.

"మూత తీసే ముందల తిప్పినవా చెల్లే?" అన్నాడు అన్న.

"తిప్పడమా? కంగారులో సీసాతో వచ్చిన కాగితం చదవలేదండి. తీసి, చూసి, మళ్ళీ పెట్టేశాను."

అన్న సీసాని గిరగిర తిప్పే యంత్రంలో పెట్టించాడు. ఆ పొడి కంటికి ఆననంత పల్చన. దారిలో కుదుపులకి మూత లోపల అంటుకుని కూర్చుంటుంది, తిప్పితే అడుక్కి దిగుతుంది. తర్వాత లోవలక్ష్మి అందులో కొలిచి ద్రవం పోసి, కాసేపాగి, ఒక్క చుక్క తీసి గోధుమరంగు ద్రావణంలో వేసింది. ప్రోటీన్ ఉంటే నీలమవ్వాలి.

నీలమైంది! ఆ పిల్ల గెంతిన గెంతుకి బల్ల మీద గాజుసామానంతా గలగలమంది.

అంతలోనే ఆమె మొహం వాడిపోయింది. "సారొస్తున్నారండి. ఈమెయిల్ వెళ్ళిపోయిందిగా, నన్ను చంపేస్తారు."

జీవరాజు గారి తిట్లు మామూలివి కావు. పోయినేడు ఓ స్టూడెంటు అవి పడలేక పీహెచ్‌డీ వదిలేసి జావాలో చేరిపోయాడు.

బల్ల మీద నోట్‌బుక్కు కిందనుంచి మేం పంపిన సూచనల కాగితం తొంగిచూస్తోంది. మొదటి వాక్యమే, 'మూత తీసే ముందు తిప్పండి.' విజయేందర్ అన్న దాన్ని నెమ్మదిగా లాగి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు మాదే సార్," అన్నాడు, జీవరాజు గారు గుమ్మంలో ఉండగానే. "సీసల మాల్ మంచిగనే ఉన్నది. తిప్పాలె అని కాగితముంటది, అది పెట్టుడు నేనే మర్చిపోయిన. గీమెకెట్ల ఎరుకైతది?"

జీవరాజు గారు తిట్లు అందుకున్నారు. పది నిమిషాలు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే, అన్న చేతులు కట్టుకుని అడిగాడు.

"ఇంకేమన్న ఉన్నదా సార్?"

ఉంది. మరో పది నిమిషాలు.

"జెర యాద్ జేసుకోండ్రి సార్. అడుగున ఏమన్న ఉంటది."

పోయినేడు ఆలస్యమైన పార్సెలూ, మా కంపెనీ క్యాలెండర్లో తప్పుపడ్డ వినాయక చవితీ కూడా బయటికొచ్చాయి. చివరికి ఆయన గొంతు బొంగురుపోయి కుర్చీలో కూలబడ్డారు.

మెట్ల దగ్గర నేనుండబట్టలేకపోయాను. "ఆయన ఆపేశాక మళ్ళీ కెలకడమేంటన్నా?"

"జెరంత మిగిలినా ఆ పిల్ల మీదనే పడుతది గద తమ్మీ."

లోపల్నుంచి జీవరాజు గారి గొంతు నీరసంగా వినిపించింది. "టిఫినేమైనా తిన్నావామ్మా?"

"ఏంటండీ?" అంది లోవలక్ష్మి, హడలిపోయి.

విజయేందర్ అన్న నా చెయ్యి పట్టుకుని రెండేసి మెట్లు దిగాడు.

"జల్ది నడువ్! మళ్ల నిండుతది."